ఎదుటివాడి కళ్ళు

లైట్ల విషయంలో ఖలందర్‌కు ఉన్నంత చాదస్తం సౌదీలోని తాయిఫ్ సనాయియలో మరొకరికి లేదు. సనాయియ అంటే ఊరి బయట మెకానిక్ షెడ్లన్నీ ఒక్కచోట పోగుపడిన పేట. అక్కడ అడిగినవాడికి అడిగిన బల్బు బిగించి పంపేయడమే పద్ధతి. ఖలందర్ మాత్రం బిగించడు. తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బల్బులు పట్టుకుని వచ్చిన కుర్రకారును నిలబెట్టి, వచ్చీరాని అరబీలో పాఠం మొదలుపెడతాడు. ఈ లైటు డోము పాత బల్బు కోసం చేసింది. ఇందులో ఈ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, చెల్లాచెదురై ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. నీకు కనిపిస్తే సరిపోదు, వాడికీ కనిపించాలి. వాళ్ళు ఓపిక ఉన్నంతసేపు విని, నవ్వుకుంటూ పక్క షెడ్డుకు పోయి బిగించుకునేవాళ్ళు.

"ఆ ఎదుటోడు నీకేమన్నా చుట్టమా?" అని అతనితో పాటు గదిలో ఉండే ముస్తాక్ ఎగతాళి చేసేవాడు. ఇద్దరిదీ మదనపల్లె వైపే. ముస్తాక్ స్పేర్‌పార్టుల కొట్లో పని, నోరు కాస్త ఎక్కువ.

ఖలందర్ ఆ మాటలు పట్టించుకునేవాడు కాదు. మదనపల్లెలో గోపాలకృష్ణ మేస్త్రీ దగ్గర చిన్నప్పటి నుంచి పని నేర్చుకున్నాడు. మేస్త్రీకి లైట్లంటే దేవుడితో సమానం. గోడ మీద వెలుగు పడే తీరు చూసి బండి జాతకం చెప్పగల మనిషి. ఆయన చేతి కింద పెరిగినవాడికి ఆ మాత్రం చాదస్తం అబ్బకుండా ఎలా ఉంటుంది? అయితే తాయిఫ్ వచ్చాక ఇంకా రెండేళ్ళు నిండలేదు, ఇక్కడ ఏసీలూ సెల్ఫ్ మోటార్లూ తప్ప లైట్ల పని అతని చేతికి రానేలేదు. వచ్చిన ఒకటీ అరా కూడా తనే తిప్పి పంపేవాడు కదా, ఇక చేసేదేముంది?

అతను తాయిఫ్ రావడానికి కారణం అక్క జైనాబ్. షఫా కొండల మీద అబూ మాజిద్ అనే ఆసామికి పెద్ద కూరగాయల తోట ఉంది. జైనాబ్ ఆ ఇంట్లో పని చేస్తూ అబూ మాజిద్ ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉంటుంది. ఆమె మొగుడు పీరయ్య ఆ తోట పికప్ నడుపుతాడు. ఆలుమగలిద్దరూ ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన ఒకే యజమాని కింద, ఒకే కాంపౌండులో, తోట వెనక ఒకే గదిలో. గల్ఫ్‌లో బతికే వాళ్ళకు ఇంతకంటే గొప్ప అదృష్టం ఉండదు. ఎందుకంటే పెళ్ళైన నాటి నుంచి వాళ్ళు కలిసి ఉన్నది చాలా తక్కువ. జైనాబ్ కువైట్‌లో ఉంటే పీరయ్య గాలివీడులో ఉండేవాడు. పీరయ్య హఫర్ అల్ బాతిన్‌లో లారీ తోలుతుంటే జైనాబ్ కువైట్‌లోనే ఉండేది. జుట్టు నెరిశాక, ఇప్పుడు కొత్తగా కాపురం పెట్టినట్టు ఒకరికొకరు వడ్డించుకుంటూ, పోట్లాడుకుంటూ ఉన్నారు.

శుక్రవారం వస్తే ఖలందర్ షఫాకు పోయేవాడు. అక్క రాగిసంగటి చేసి, కోడికూర వండి పెట్టేది. పీరయ్య కూరలో ఉప్పు లేదని అనేవాడు, ఆమె నాలుక మొద్దుబారిందని తిట్టేది. ఆ తిట్లు వింటూ తింటుంటే ఖలందర్‌కు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం, భోజనం అయ్యాక పీరయ్య బామ్మర్దిని తోటలోకి తీసుకుపోయాడు. క్యాబేజీ మళ్ళ దాకా పోయాక గానీ నోరు విప్పలేదు.

"ఖలందరూ, నాకు మంచు దిగితే రోడ్డు కనపడల్యారా."

"మంచు దిగితే ఎవురికి కనపడతాది బావా?"

"అది గాదు. ఎడం కంటికి పొర కమ్మినట్టుండాది. పగలు బాగనే ఉంటాది. మగ్రిబ్ నమాజు అయినాక లోడెత్తుకోని కిందికి దిగేటప్పుడు రోడ్డు యాడుందో, లోయ యాడుందో అంతా ఒగటే." గొంతు తగ్గించాడు. "మొన్న గేటుకు రాసినా. దానికి ముందు మంచినీళ్ళ ట్యాంకుకు తగిలిచ్చినా. ఇంగొకతూరి ఇట్ల చేస్తే ఎగ్జిట్టు కొట్టి ఊరికి పంపేస్తానని కఫీల్ చెప్పేసినాడు."

"డాక్టరుకు చూపిచ్చుకో బావా."

"చూపిచ్చుకుంటే కాగితం నేరుగా కఫీల్ చేతికే పోతాది. కండ్లు లేని డ్రైవరును ఎవురు పెట్టుకుంటారు? నన్ను పంపిస్తాడు, దాన్ని మాత్తరం పంపడు. ఆ ముసలమ్మ మీ అక్క లేంది బువ్వ గూడా తినదు." పీరయ్య కాలితో మట్టిని రాస్తూ నిలబడ్డాడు. "ఈ వయసులో మళ్ళా నేనొక కొస, అదొక కొస. నాకింగ ఓపిక లేదురా."

"అక్కకన్నా చెప్పు."

"చెప్తే ఒక్క పూట గూడా స్టీరింగు ముట్టనియ్యదు. నువ్వు గూడా చెప్పొద్దు. ఎండాకాలం సెలవు ఇస్తాడంట. తిరప్తికి పోయి ఆపరేషన్ జేపిచ్చుకోని వస్తా. అందాకా బండి నడవాల. నువ్వు లైట్లలో పండితుడివి గదా, మంచి లైట్లు ఏసియ్యి."

ఖలందర్ వెంటనే సరే అనలేదు. కంటికి వేయాల్సిన మందు బండికి పోస్తే ఏం లాభమని అతనికి తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ గది వైపు చూస్తే, అక్క గుమ్మంలో కూర్చుని ఇద్దరి అంట్లూ కలిపి తోముతూ కనిపించింది. పండితుడివన్న పొగడ్త కూడా తక్కువ పని చేయలేదు. సరేనన్నాడు.

చేస్తే మేస్త్రీ మెచ్చేలా చేయాలనుకున్నాడు. సనాయియలో దొరికే లైట్ల మీద అతనికి నమ్మకం లేదు, అంతా కంతిరీ సరుకని అతని అభిప్రాయం. సరిగ్గా అప్పుడే ముస్తాక్ సెలవు మీద ఊరికి పోయి ఉన్నాడు. ఖలందర్ గోపాలకృష్ణ మేస్త్రీకి ఫోన్ చేశాడు. మేస్త్రీ సంబరపడి, ముందు లెన్సు ఉండి వెలుగును కింద కత్తిరించి పంపే మంచి ప్రొజెక్టర్ జత ఒకటి ఏరి, తన షెడ్డు గోడ మీద స్వయంగా పరీక్ష చేసి, బట్టలో చుట్టి ముస్తాక్ చేతికిచ్చాడు. ముస్తాక్ దాన్ని మామిడి తాండ్ర పొట్లాల మధ్య పెట్టుకుని తాయిఫ్ తెచ్చాడు. బండికి ఏడాదికోసారి జరిగే ఫహస్ తనిఖీ అంతకు ముందే అయిపోయింది కాబట్టి, ఆ లైట్లను పరీక్షించేవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా లేరు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని రెండు డోములూ విప్పి, ప్రొజెక్టర్లు కూర్చాడు. మంచులో తెల్లని వెలుగు తిరిగి మన మొహానికే కొడుతుందని, కొంచెం పసుపు రంగు బల్బులే వేశాడు. పొద్దుగూకాక, కూరగాయలు సర్దే షెడ్డు తెల్లగోడకు ఎదురుగా పికప్‌ను నిలిపించాడు. ఖాళీ బండికి లైటు గురి కట్టడం చేతకానివాళ్ళ పని. లోడెక్కితే వెనక కుంగి ముందు లేస్తుంది, వెలుగు ఆకాశానికి పోతుంది. అందుకని క్యాబేజీ పెట్టెలు నిండుగా ఎక్కించాడు. టైర్లలో గాలి చూశాడు. పీరయ్యను సీట్లో కూర్చోబెట్టి, లైట్ల ఎత్తు టేపుతో కొలిచి గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టి, వెలుగు అంచు ఆ గీత దాటి పైకి పోకుండా స్క్రూలు తిప్పాడు.

గోడ మీద వెలుగు కత్తితో కోసినట్టు నిలిచింది. పైన చీకటి, కింద వెలుగు. కుడివైపు అంచు అణిగి, ఎడమవైపు కొద్దిగా మెట్టులా లేచింది. ఎడమ లేవాల, కుడి అణగాల అని మేస్త్రీ వందలసార్లు చెప్పిన పాఠం. ఖలందర్ స్టీరింగు వైపు తలుపు పక్కన నిలబడి, అద్దంలోంచి ఆ వెలుగును చూసి మురిసిపోయాడు.

"ఏమ్మే, సూసినావా నీ తమ్ముడి పనితనం?" అని పీరయ్య పెళ్ళాన్ని పిలిచాడు.

జైనాబ్ టీ గ్లాసులతో వచ్చి, గోడను చూసి, తమ్ముడి తల నిమిరింది. "మా నాయన ఉంటే సంతోషపడతాండె" అంది. ఆ లైట్లు ఎందుకు మార్చారని ఆమె అడగలేదు. పాత బండికి పాత లైట్లు పోయి ఉంటాయని అనుకుంది.

ఆ మర్నాటి నుంచి పీరయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పగలు మాదిరి ఉండాది, రోడ్డు మీద గులకరాయి గూడా కనపడతాండాది అని ఫోన్లు చేసేవాడు. పక్కనున్న లోయ అంచు, గుట్ట మలుపు, అన్నీ ఎడం చేతి వైపు స్పష్టంగా తెలుస్తున్నాయట. ఒక రోజు మాత్రం కొంచెం అనుమానంగా అడిగాడు.

"ఎదురొచ్చేటోళ్ళంతా నా మిందికి లైట్లు కొడతాండారురా. ఏంటికంటావు?"

"ముందర సాహెర్ ఉండాదని చెప్తారు బావా. కెమెరా ఉంటే ఈడోళ్ళు అట్లనే లైట్లు కొట్టి ఎచ్చరిస్తారు. నువ్వు స్పీడు తగ్గించి పో."

ఆ దేశంలో అది నిజమే. అందుకే ఖలందర్‌కు ఇంకో ఆలోచన రాలేదు. పీరయ్య లేని కెమెరాలకు భయపడి, ఎవరు లైటు కొట్టినా బండి నెమ్మది చేసుకుంటూ, సలాం పెట్టినట్టు చెయ్యెత్తుకుంటూ చలికాలం సగం గడిపేశాడు.

దుర్వార్త ఒక సాయంత్రం షెడ్డులో ఉండగా వచ్చింది. ఫోనులో అక్క ఏడుపు మధ్య ఆసుపత్రి పేరు తప్ప మాట రావడం లేదు. ఖలందర్ చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేసి అక్కడికి పరిగెత్తాడు.

జరిగిందిది. అబూ మాజిద్ తల్లి కూతురింటికి పోయి, మనవడు మాజిద్ కారులో తిరిగి వస్తోంది. వెనక సీట్లో పక్కన జైనాబ్ కూర్చుంది. మగ్రిబ్ దాటింది, కొండ మీద మంచు దిగింది. తోట మలుపు దగ్గర పీరయ్య పికప్ లోడుతో ఎదురొచ్చింది. మాజిద్‌కు కళ్ళు జిగేల్మని, చెయ్యి అడ్డం పెట్టుకుని, కారును కుడికి లాగాడు. కారు రోడ్డు దిగి బండరాళ్ళ మీదికి పోయింది. మాజిద్‌కు మొహాన గాజు గీసుకుంది. జైనాబ్‌కు నుదుటి మీద కుట్లు పడ్డాయి. ముసలామెకు తుంటి ఎముక విరిగింది.

"వస్తా వస్తా ఉండంగనే అంతా ఎలుగైపాయరా" అంది జైనాబ్, వార్డు బయట గోడకు చేరబడి. "నాకు వెనక సీట్లోనే కండ్లు మండిపాయ. మీ బావ హై లైటు ఏసుకోని వచ్చినాడంట. మాజిద్ అదే చెప్తాండాడు. మలుపు కాడ హై లైటు ఏసేంత తెలివి తక్కువోడు గాదే ఆయన?"

మర్నాడే అబూ మాజిద్ పీరయ్యను కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. ఎడమ కంటిలో ముదిరిన శుక్లం, కుడి కంటిలో మొదలు. డాక్టరు చెప్పగానే అబూ మాజిద్ నెత్తి కొట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, జీతం ఎగ్గొట్టినవాడూ కాదు. కానీ విరిగిన ఎముకతో మూలుగుతున్నది ఆయన తల్లి. గుడ్డివాడి చేతికి బండిచ్చి నా తల్లి ప్రాణాల మీదికి నేనే తెచ్చానని అరిచి, ఎగ్జిట్ కొట్టేయమని ఆఫీసుకు చెప్పేశాడు. జైనాబ్ సంగతి అడిగితే, నా తల్లి లేచి నడిచేదాకా ఆమె ఎక్కడికీ పోదు అన్నాడు. మంచం మీది ముసలామె జైనాబ్ చెయ్యి వదలడం లేదు మరి.

ఆ కబురు విన్న జైనాబ్ ఏడవలేదు. మొగుడికి చూపు తగ్గిందని కఫీల్ నోటి వెంట, అదీ నలుగురి ముందు విన్నది. ఆ దెబ్బ నుదుటి కుట్లకంటే గట్టిగా తగిలింది.

ఖలందర్ కోపంతో తోటకు పోయాడు. పీరయ్య గది ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పికప్ తాళాలు ఇంకా ఆ గది మేకుకే వేలాడుతున్నాయి, అడిగి తీసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

"హై లైటులో పెట్టి మర్సిపోయింటావు బావా."

"లేదురా."

"హై ఏస్తే మీటర్ల కాడ నీలం బొట్టు ఎలగతాదే, అదన్నా సూసుకోకపోతివా? అది గూడా కనపడల్యా?"

"డిమ్ములోనే ఉన్నిందిరా. నా కండ్లు పాడుగానీ నా చేతులు పాడు గాల్యా. మలుపు కాడ ముప్పై ఏండ్లుగా డిమ్ము కొడతాండా." పీరయ్య గొంతులో కోపం లేదు, అలసట మాత్రమే ఉంది. "ఎవురూ నమ్మల్యా. మీ అక్క గూడా. నువ్వు గూడా నమ్మొద్దులే."

ఖలందర్‌కు జాలేసింది. ఒకవేళ స్విచ్చులోనో రిలేలోనో లోపం ఉండి హై అలాగే ఉండిపోయిందేమో చూద్దామనుకున్నాడు. అదే గనక అయితే కఫీల్‌కు చూపించి బావ తప్పు లేదని చెప్పొచ్చు. ఆశ పుట్టి, పొద్దుగూకగానే పీరయ్యను బండెక్కించి, క్యాబేజీ పెట్టెలతో సహా తోట మలుపు దగ్గర, ఆ రోజు పికప్ ఉన్నచోటే నిలబెట్టించాడు. తను నడుచుకుంటూ మలుపు అవతలికి, మాజిద్ కారు వచ్చిన వైపుకు పోయాడు. ఎదురొచ్చే బండి డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడో అక్కడ, కారు సీటు ఎత్తుకు మోకాళ్ళు వంచి, పికప్ వైపు తిరిగాడు.

కళ్ళు చీకట్లు కమ్మాయి. ఏమీ కనిపించలేదు, రోడ్డు లేదు, బండి లేదు, తన చెయ్యి తనకు కనిపించలేదు.

"బావా, డిమ్ము కొట్టు" అని కేకేశాడు.

"డిమ్ములోనే ఉండాదిరా."

"మార్చు బావా, డిమ్ముకు మార్చు."

స్విచ్చు టక్కుమన్నది. వెలుగు ఇంకా పెరిగింది. మళ్ళీ టక్కుమన్నది. మొదటి వెలుగే మళ్ళీ కళ్ళలో పొడిచింది.

"ఇది హై. ఇదిగో, ఇది డిమ్ము" అన్నాడు పీరయ్య లోపలి నుంచి. "నేను చెప్తాంటి గదా."

ఖలందర్ రెండడుగులు కుడికి జరిగాడు. వెలుగు పోలేదు. రోడ్డు దాటి అవతలి అంచుకు పోయాడు. అక్కడ కళ్ళకు హాయిగా ఉంది, పికప్ ముందుభాగమంతా చక్కగా కనిపించింది. మళ్ళీ మొదటి చోటికి వచ్చాడు, మళ్ళీ కళ్ళు పోయాయి. అప్పుడర్థమైంది అతనికి.

మన దేశంలో బండి రోడ్డుకు ఎడమ పక్కన పోతుంది. ఎడమ పక్క ఉండేది దారిన పోయే మనిషి, చెట్టు, మైలురాయి. అందుకే వెలుగు అటు లేవాలి, వాటిని చూపించాలి. కుడి పక్కన ఎదుటి బండి వస్తుంది, అందుకే వెలుగు అటు అణగాలి. గోపాలకృష్ణ మేస్త్రీ చెప్పిందాంట్లో పిసరంత తప్పు లేదు, మదనపల్లెలో. ఈ దేశంలో బండ్లు కుడి పక్కన పోతాయి. ఎదుటివాడు వచ్చేది ఎడమ నుంచి. మేస్త్రీ ఏరి పంపిన ఆ మంచి లైటు, ముస్తాక్ మోసుకొచ్చిన లైటు, తను టేపు పెట్టి కొలిచి, లోడు పెట్టి చూసి బిగించిన లైటు, ఇన్నాళ్ళూ ఎదురొచ్చిన ప్రతివాడి కళ్ళలోకే లేస్తూ వచ్చింది. అంత జాగ్రత్తగా కట్టడం వల్లనే అంత సూటిగా తగిలింది. వాళ్ళు కెమెరా ఉందని లైట్లు కొట్టలేదు. మా కళ్ళు పోతున్నాయిరా బాబూ అని మొత్తుకున్నారు.

ఇక్కడి రోడ్ల మీద రోజూ తిరుగుతూనే ఉన్నాడు. కుడి పక్కనే నడిచాడు, కుడి పక్కనే బస్సెక్కాడు. అయినా ఒక్కసారి కూడా స్ఫురించలేదు. లైట్ల వెనకనుంచి గోడను చూసి మురిసిపోయాడే కానీ, ఒక్కసారి ముందుకు పోయి నిలబడలేదు. ఎదుటివాడి కళ్ళ గురించి సనాయియలో అందరికీ పాఠాలు చెప్పినవాడు. ఖలందర్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

పికప్ దగ్గరికి వచ్చి, పక్క సీట్లో కూర్చుని, అంతా చెప్పాడు. అంతా విని, పీరయ్య లైట్లు ఆపేశాడు.

"అయితే నా తప్పు గాదు" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో ఒక్క క్షణం తేట వచ్చి పోయింది.

"నాది బావా. ఇప్పుడే పోయి కఫీల్‌కు చెప్తా."

"కూర్చో."

"నేను చెప్పకుంటే..."

"కూర్చోరా. ఇను." పీరయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టాడు. "నువ్వు చెప్తావు. అప్పుడు నన్ను ఉంచుతాడా? డాక్టరు మాట పాయనా? ఉంచడు. నేను పోయేది ఖాయం. నువ్వు చెప్తే నువ్వు గూడా పోతావు. పోలీసు కేసు గూడా అయితాది, పర్మిషన్ లేని లైట్లు గదా. అప్పుడు జైనాబ్ ఈడ ఒక్కతే. జరమొస్తే మందు తెచ్చిచ్చే దిక్కుండదు. శుక్రారం వచ్చి రొండు ముద్దలు తిని పోయేటోడుండడు." అద్దంలోంచి మలుపు వైపు చూశాడు. "నా కండ్లే అనుకోనీ. అట్లనే పోనీ."

"అక్క నిన్ను తప్పుగా అనుకుంటాండాది బావా."

"నేను దాసింది నిజమే గదా. దానికి చెప్పకుండా బండి తోలినాను. ఆ కోపం నాకు రావాల్సిందే." తాళాలు తీసి ఖలందర్ చేతిలో పెట్టాడు. "ఈ లైట్లు ఊడబీకు. ఇంగొకడు ఈ బండెక్కకముందే."

ఆ సాయంత్రమే ఖలందర్ ప్రొజెక్టర్లు విప్పి, మసకబారిన పాత డోములు తిరిగి పెట్టాడు. స్క్రూలు బిగించేటప్పుడు కన్నీళ్ళు ధారగా కారాయి. పీరయ్య పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

పీరయ్య ప్రయాణం రోజున అబూ మాజిద్ తనే కారు తెచ్చాడు. జీతం లెక్క చూసి ఇచ్చాడు, పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టులో ఇస్తానన్నాడు. ఖలందర్ రెండుసార్లు ఆయన వైపు అడుగేశాడు. రెండుసార్లూ పీరయ్య చూపు అతన్ని ఆపింది. జైనాబ్ ఆసుపత్రి నుంచి రాలేదు. ముసలామెకు ఒళ్ళు తుడవాలి, తీరిక లేదని కబురు పంపింది. పీరయ్య వెనక సీట్లో కూర్చుని, గది తలుపు వైపు కాసేపు చూశాడు. తర్వాత తలుపు గడియ సరిగ్గా పడడం లేదనీ, అక్క పొద్దుపోయాక ఒక్కతే ఉంటుంది కాబట్టి బాగు చేసిపెట్టమనీ బామ్మర్దికి చెప్పాడు. కారు కదిలింది.

ముసలామె ఇంటికి వచ్చింది కానీ లేచి నడిచే సూచన లేదు. జైనాబ్ ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, మళ్ళీ రెన్యువల్ చేయించాడు కఫీల్. ఖలందర్ ఎప్పటిలాగే శుక్రవారాలు పోతున్నాడు. గడియ బాగు చేశాడు. అక్క ఎప్పటిలాగే సంగటి కెలికి పెడుతోంది. కూరలో ఉప్పు తక్కువైనా అనేవాళ్ళు లేరు.

ఒక శుక్రవారం అతను తింటుండగా పీరయ్య ఫోన్ చేశాడు. ఖలందర్ ఫోన్‌కే చేస్తాడు, ఎందుకంటే జైనాబ్ ఆయన ఫోన్ ఎత్తదు. తిరుపతిలో ఒక కంటికి ఆపరేషన్ అయిందట, బాగా కనిపిస్తోందట. ఖలందర్ ఫోన్ అక్క వైపు చాపాడు. ఆమె తల అడ్డంగా ఊపి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

"పక్కనుండాదా?" అని పీరయ్య అడిగాడు.

"లేదు బావా. ముసలమ్మ కాడ ఉండాది."

"సర్లే. తింటాండాదా?"

"తింటాండాది."

ఫోన్ పెట్టేశాక జైనాబ్ వచ్చి ఎదురుగా కూర్చుంది. నుదుటి మీద కుట్లు మాని, తెల్లటి గీత మిగిలింది. తమ్ముడి పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది.

"కండ్లు పోతాండాయని నాకొక్క మాట చెప్పింటే నేనేమంటాంటిరా? మనూరికి పోదాం పా అంటాంటి, ఇద్దరం పోతాంటిమి." "కండ్లు పోయినందుకు గాదు నాకు బాధ. ఇన్నేండ్లకు ఒక సోట కలిసుంటిమి, నాకు చెప్పకుండా దాసినాడు. దానికి. నువ్వేమో పాపం మంచి లైట్లు తెప్పిచ్చి ఏసిస్తివి. కండ్లు లేనోడికి ఎంత మంచి లైట్లుంటే ఏం జేస్తాయి?"

ముద్ద గొంతులో అడ్డం పడింది. ఖలందర్ నీళ్ళ కోసం తడుముకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తా, ఏమైతే అదవుతుంది అనుకుని తలెత్తాడు. అక్కా అన్నాడు.

"నువ్వు ఉండావు గాబట్టి ఈడ బతకగలుగుతాండా" అంది జైనాబ్, నీళ్ళ గ్లాసు అందిస్తూ. "నువ్వు మాత్తరం నా కాడ ఏదీ దాయొద్దురా, తమ్ముడా."

బయట ఎవరిదో బండి తోటలోకి వచ్చింది. ఖలందర్ గ్లాసులో నీళ్ళన్నీ తాగాడు.

"దాయనక్కా" అన్నాడు.